హ్యాండ్‌బాల్ ఆటగాడిగా నిలబడాలంటే ఏం చేయాలి? డెల్టా పిల్లలకూ, వాళ్ళ అమ్మానాన్నలకూ

పొద్దున్నే మైదానానికి వెళ్తే గట్టు మీద ఎవరో ఒకరి నాన్న బండి ఆపుకుని నిలబడి ఉంటారు. ప్రాక్టీసు అయ్యేదాకా ఆగి దగ్గరికొస్తారు. అడిగేది ఒకటే. "మాస్టారూ, మా వాడు బాగానే ఆడుతున్నాడంటున్నారు కదండీ. దీంతో వాడు బతకగలడంటారా?" పాలకొల్లు నుంచి, అమలాపురం నుంచి, మండపేట నుంచి ఫోన్లు చేసేవాళ్ళూ ఇదే అడుగుతారు. ఒక్కొక్కరికీ సగం సగం చెప్పేకన్నా ఒకసారి పూర్తిగా రాసి పెడితే మేలనిపించింది.

సూటిగా చెబుతాను. మన దేశంలో ఆట డబ్బుతోనే ఇల్లు గడుపుకునే హ్యాండ్‌బాల్ ఆటగాళ్ళు చాలా అరుదు. కానీ ఈ ఆట వల్ల రైల్వేలోనో, కేంద్ర పోలీసు బలగాల్లోనో, బళ్ళో పీఈటీగానో ఉద్యోగం తెచ్చుకుని, ఆ ఉద్యోగంలో ఉంటూనే ముప్పై దాటేదాకా ఆడినవాళ్ళు ఉన్నారు. జర్మనీ, ఫ్రాన్స్, డెన్మార్క్‌లలో ఆటగాడికి క్లబ్బు జీతం ఇస్తుంది. మన దగ్గర శాఖ జీతం ఇస్తుంది. ఈ తేడా మొదట్లోనే తెలిస్తే అడుగులు సరిగ్గా పడతాయి. ఇరవై ఆరేళ్ళకి తెలిస్తే చేయగలిగింది తక్కువ.

కావలసినవి

ఖరీదైనవి రెండే, బంతీ బూట్లూ. మిగతావి ఇంటి చుట్టుపక్కలే దొరుకుతాయి.

• వయసుకు తగిన బంతి. 8 నుంచి 12 ఏళ్ళ మగపిల్లలకూ, 8 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకూ ఒకటో సైజు: చుట్టుకొలత 50–52 సెంటీమీటర్లు, బరువు 290–330 గ్రాములు. 12 నుంచి 16 ఏళ్ళ మగపిల్లలకూ, 14 దాటిన ఆడపిల్లలకూ రెండో సైజు: 54–56 సెంటీమీటర్లు, 325–375 గ్రాములు. 16 దాటిన మగవాళ్ళకు మూడో సైజు: 58–60 సెంటీమీటర్లు, 425–475 గ్రాములు.
• పక్కకు తిరిగినప్పుడు జారని, అడుగు చదునుగా ఉన్న బూట్లు. మడమ ఎత్తుగా ఉండే పరుగు బూట్లతో చీలమండ మెలిక పడుతుంది.
• మూడు సరుగుడు బాదులు, చేపలు పట్టే పాత వల, ఆరు మీటర్ల తాడు, సున్నం.
• పాత సైకిల్ ట్యూబు ఒకటి. భుజం వ్యాయామానికి.
• స్లో మోషన్ వీడియో తీసే ఫోను. మీది కాకపోయినా ఫరవాలేదు.
• ఒక నోటుబుక్కు, నీళ్ళు దిగని ప్లాస్టిక్ ఫైలు. ఈ ఫైలు గురించి కింద చాలా చెప్పాల్సి ఉంది.

"ఎలాగూ పెరుగుతాడు కదా" అని పదేళ్ళ పిల్లాడికి మూడో సైజు బంతి కొనివ్వొద్దు. అరచేతికి అందని బంతిని విసరాలంటే మోచేయి కిందికి దించి తోయాల్సి వస్తుంది. ఆ అలవాటు పడిందంటే పదిహేడేళ్ళప్పుడు మాన్పించడం నాకు సాధ్యపడలేదు.

1. ముందు వయసు లెక్క వేసుకోండి

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్–14, 17, 19 విభాగాల్లో జరుగుతాయి. మనవాళ్ళు ఎస్‌జీఎఫ్ అంటారు. ఆ తర్వాత కాలేజీలో యూనివర్సిటీ జట్టు: సౌత్ జోన్, దాన్ని దాటితే ఆలిండియా. వీటికి పక్కనే అసోసియేషన్ తరఫున సబ్ జూనియర్, జూనియర్, సీనియర్ నేషనల్స్.

రైల్వే స్పోర్ట్స్ కోటా బహిరంగ ప్రకటనల్లో వయసు 18 నుంచి 25 మధ్య అడుగుతారు. ఎవరికీ సడలింపు ఉండదు. అంటే ఇంటర్ అయ్యాక మీ చేతిలో ఉన్నది ఏడేళ్ళు. ఒక ఏడు గాయానికి, ఒక ఏడు చదువు గొడవకి పోతే మిగిలేది ఐదు. నోటుబుక్కు మొదటి పేజీలో ఈ ఏళ్ళన్నీ వరసగా రాసి, ఎదురుగా ఆ ఏడు ఏ పోటీ ఆడాలో పెన్సిల్‌తో రాయండి.

ఆలస్యంగా మొదలుపెట్టామని బెంగ వద్దు. కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్ ఆడి పద్నాలుగు, పదిహేనేళ్ళకి ఇటు వచ్చినవాళ్ళు బాగా రాణిస్తారు. జావెలిన్ విసిరిన చెయ్యి ఈ ఆటకి చాలా త్వరగా అలవాటు పడుతుంది.

2. మైదానం, గోలు మీరే తయారు చేసుకోండి

అసలు కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. అంత స్థలం లేకపోతే సగం చాలు. ఒక గోలు ముందు 20 మీటర్లు దొరికితే నూటికి ఎనభై పాళ్ళ ప్రాక్టీసు అయిపోతుంది.

గోలు లోపలి కొలత 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. సరుగుడు బాదులు రెండు పాతి, పైన అడ్డబాదు కట్టి, వెనక వల బిగించండి. బాదు కనీసం రెండడుగుల లోతు దిగాలి. మన బంకమట్టి వానకి మెత్తబడుతుంది. నిన్న గట్టిగా ఉన్న గోలు ఇవాళ ఊగుతుంది. రోజూ ప్రాక్టీసుకి ముందు రెండు చేతులా పట్టుకుని ఊపి చూడండి. కదిలితే ఆ రోజు ఆట వద్దు. అడ్డబాదుకి వేలాడటం ఎవరికీ అలవాటు చేయొద్దు. గోలు మీద పడి పిల్లలకు ప్రాణం మీదికి వచ్చిన సంఘటనలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి.

గోల్‌కీపర్ తప్ప ఇంకెవరూ లోపల కాలు పెట్టకూడని ఆరు మీటర్ల గీత గీయడం తెలియక చాలామంది సగం గుండ్రం గీసేస్తారు. అది తప్పు. గోలు ముందు 6 మీటర్ల దూరంలో 3 మీటర్ల తిన్నని గీత గీయండి. తర్వాత తాడు ఒక చివర ఒక గోలుబాదు మొదట్లో పట్టుకుని, రెండో చివరతో ఆ గీత కొస నుంచి పక్కకు పావు గుండ్రం తిప్పండి. రెండో బాదు దగ్గర కూడా అంతే. తొమ్మిది మీటర్ల చుక్కల గీతను దీనికి 3 మీటర్ల బయట వేసుకోండి. పెనాల్టీ గీత గోలుకి 7 మీటర్లు.

జులై నుంచి అక్టోబరు దాకా మైదానం చిత్తడిగా ఉంటుంది. గోదావరి ఇసుక నాలుగు బండ్లు కలిపితే జారుడు తగ్గుతుంది. కోతలయ్యాక పొలం గట్టిపడితే అదే మంచి కోర్టు. వానరోజుల్లో బడి వరండాలో పాసింగ్, గోడ ప్రాక్టీసు చేసుకోవచ్చు. ఇసుకలో గెంతడానికని వరద రోజుల్లో లంకల్లోకి మాత్రం వెళ్ళొద్దు. ధవళేశ్వరంలో నీళ్ళు వదిలాక పాయలో మట్టం ఎంత త్వరగా మారుతుందో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి.

సముద్రం దగ్గర ఉన్నవాళ్ళకు ఇంకో దారి ఉంది. బీచ్ హ్యాండ్‌బాల్ కోర్టు 27 మీటర్లు, 12 మీటర్లు మాత్రమే. జట్టుకి నలుగురు. పదేసి నిమిషాల రెండు సెట్లు, దేని లెక్క దానిదే. గాలిలో ఒక చుట్టు తిరిగి వేస్తే రెండు పాయింట్లు. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం పిల్లలు ఇది ఎందుకు ఎక్కువగా ఆడరో నాకిప్పటికీ అర్థం కాదు. మోకాలికి దెబ్బ తక్కువ, కాళ్ళకు బలం ఎక్కువ.

3. ఏ స్థానం మీదో తేల్చుకోండి

పద్నాలుగేళ్ళ దాకా అన్ని స్థానాల్లోనూ ఆడాలి. తర్వాత శరీరం చెప్పింది వినాలి. పొడవుగా, చెయ్యి బలంగా ఉంటే బ్యాక్, అంటే తొమ్మిది మీటర్ల గీత దగ్గర్నుంచి దాడి చేసేవాడు. చురుగ్గా ఆలోచించి బంతి పంచగలిగితే సెంటర్ బ్యాక్. సన్నగా, వేగంగా, గాలిలో ఎక్కువసేపు నిలవగలిగితే వింగ్, అంటే కోర్టు పక్క అంచున ఆడేవాడు. నడుము గట్టిగా ఉండి, ముగ్గురి మధ్య ఇరుక్కుని కూడా బంతి పట్టగలిగితే పివట్, అంటే ఆరు మీటర్ల గీత దగ్గర ఎదుటి డిఫెన్స్ మధ్యలో నిలబడేవాడు. బంతికి కళ్ళు మూయనివాళ్ళు గోల్‌కీపర్.

మీది ఎడమచేతి వాటమా? అయితే మీరు దొరకడమే అదృష్టం. కుడి బ్యాక్, కుడి వింగ్ స్థానాల్లో ఎడమచేతివాళ్ళకు గోలు విశాలంగా కనిపిస్తుంది. సెలక్షన్లలో కోచ్‌లు వాళ్ళకోసం వెతుక్కుంటారు. అన్నం తినే చేత్తోనే విసరాలని పిల్లల చెయ్యి మార్పించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి.

4. రోజువారీ ప్రాక్టీసు

తెల్లవారి ఐదున్నరకి మొదలుపెట్టి ఏడున్నరకి ఆపండి. ఏప్రిల్, మే నెలల్లో ఏడింటికే ఆపేయాలి. మన ఉక్కపోతకి చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. మజ్జిగలో కాస్త ఎక్కువ ఉప్పు వేసుకోండి, లేదా కొబ్బరినీళ్ళు. తల తిరిగినా, చెమట పట్టడం ఉన్నట్టుండి ఆగినా నీడకు తీసుకెళ్ళి ఒళ్ళంతా తడపాలి. మాట తడబడితే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

పాసింగ్: గోడకి నాలుగు మీటర్ల దూరంలో నిలబడి, మోచేయి భుజం కన్నా కిందికి దిగకుండా 30 సెకన్లలో ఎన్నిసార్లు కొట్టి పట్టగలరో లెక్కపెట్టండి. వారానికోసారి నోటుబుక్కులో రాయండి. రెండో చేత్తో కూడా.

జంప్ షాట్: కుడిచేతివాళ్ళు ఎడమ, కుడి, ఎడమ అని మూడడుగులు వేసి, ఎడమకాలి మీద లేవాలి. కుడి మోకాలు పైకి, ఎడమ భుజం గోలు వైపు, బంతి తల వెనక్కి. పూర్తిగా పైకి లేచాక విసరాలి, దిగేటప్పుడు కాదు. పక్కనుంచి స్లో మోషన్‌లో వీడియో తీసి నాలుగు చూడండి.

• బంతి చేతిలోంచి వెళ్ళేటప్పుడు మోచేయి ఎక్కడుంది? భుజం కన్నా కిందుంటే తప్పు.
• గెంతే ముందు కాలు ఆరు మీటర్ల గీతను తాకిందా? తాకితే ఆ గోలు లెక్కలోకి రాదు. గీత బయట లేచి, నేల మీద దిగేలోపు వదిలితే సరైనది.
• అడుగులు నాలుగయ్యాయా? మన పిల్లల్లో సగంమంది నాలుగో అడుగు వేస్తారు, వాళ్ళకు తెలియదు.
• దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగుతోందా? దీని గురించి ఆరో మెట్టులో చెబుతాను.

గురి: గోలు నాలుగు మూలల్లోనూ పాత తువాళ్ళు కట్టండి. తొమ్మిది మీటర్ల నుంచి 20 షాట్లు. ఎన్ని తువాళ్ళకి తగిలాయో రాయండి. తాజాగా ఉన్నప్పుడు కొట్టినవి లెక్క కాదు. కోర్టు పొడవునా ఆరుసార్లు పరిగెత్తి, ఆయాసంలో వెంటనే కొట్టిన పదే మీ అసలు లెక్క. మ్యాచ్ 60 నిమిషాలుంటుంది, ముప్పై నిమిషాలు రెండుసార్లు. చివరి పది నిమిషాల్లో గోలు కొట్టేవాణ్ణే సెలక్టర్ గుర్తుపెట్టుకుంటాడు.

వారానికి ఒకరోజు బంతిని తడిపి ఆడండి. పెద్ద పోటీల్లో బంతికి జిగురు రాస్తారు. మనకి ప్రాక్టీసులో ఆ జిగురు ఎలాగూ దొరకదు. చెమటకి బంతి జారుతుంది. తడి బంతిని అలవాటు చేసుకున్న వేళ్ళు ఎక్కడైనా పట్టు వదలవు.

5. నిబంధనలు నోటికి రావాలి

బంతి చేతిలో మూడు సెకన్లు, మూడడుగులు. డ్రిబుల్ చేసి పట్టాక మళ్ళీ డ్రిబుల్ లేదు. జట్టు దాడి చేయకుండా కాలం గడుపుతోందని రిఫరీ చెయ్యెత్తితే ఆ తర్వాత నాలుగే పాసులు. 2022కి ముందు ఆరు ఉండేవి, కొంతమంది పాత కోచ్‌లు ఇంకా ఆరనే చెబుతున్నారు. వెనకనుంచి చొక్కా లాగినా, గాలిలో ఉన్నవాణ్ణి తోసినా రెండు నిమిషాలు బయట. అలా మూడుసార్లయితే ఎర్రకార్డు.

మనవాళ్ళు ఎక్కువగా పోగొట్టుకునేది ఈ రెండు నిమిషాల దగ్గరే. మనవాళ్ళకు కబడ్డీ చేతులు. పట్టేస్తారు. అడ్డం నిలబడటం ఛాతీతో, కాళ్ళతో నేర్చుకోవాలి. చేతులు వంచి ముందుంచి ఆపొచ్చు, చుట్టి పట్టకూడదు. ఒక పరీక్ష చెబుతాను. రెండు చేతుల్లో రెండు టెన్నిస్ బంతులు పట్టుకుని డిఫెన్స్ ఆడించండి. వేళ్ళు ఖాళీగా లేనివాడు చొక్కా పట్టలేడు, పాదాలు కదపక తప్పదు.

6. మోకాలు, భుజం, వేళ్ళు

ఈ మెట్టు దాటేసి కిందికి వెళ్ళకండి. నేను చూసిన పిల్లల్లో ఆట మానేసినవాళ్ళు ఎక్కువగా మోకాలి వల్లే మానేశారు. ప్రతిభ లేక మానేసినవాళ్ళు తక్కువ.

హ్యాండ్‌బాల్‌లో మోకాలి లోపలి లిగమెంటు తెగడానికి ఎవరూ తగలనక్కర్లేదు. గెంతి ఒంటికాలి మీద దిగినప్పుడో, పరుగులో ఒక్కసారిగా పక్కకు తిరిగినప్పుడో, మోకాలు లోపలికి వంగితే తెగుతుంది. ఆడపిల్లల్లో ఇది ఇంకా ఎక్కువ. తగ్గించే మార్గం ఖర్చులేనిది. వారానికి మూడుసార్లు, ప్రాక్టీసుకి ముందు పదిహేను నిమిషాలు:

ఒంటికాలి మీద నిలబడి పాసులు, కాలికి ఒక నిమిషం. తర్వాత గెంతి రెండు కాళ్ళ మీద, మోకాళ్ళు వంచి, చప్పుడు రాకుండా దిగడం, పదిసార్లు. దబ్బుమని చప్పుడొస్తే తప్పు దిగినట్టే. తర్వాత మోకాళ్ళ మీద కూర్చోండి, ఒకరు చీలమండలు పట్టుకోవాలి. నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలుతూ తొడ వెనక కండరంతో ఆపుకోవాలి. ఐదుసార్లు. మొదటి వారం తొడలు పట్టేస్తాయి, భయపడొద్దు.

భుజానికి సైకిల్ ట్యూబు. ట్యూబు కొబ్బరిచెట్టుకి కట్టి, మోచేయి నడుముకి ఆనించి, చెయ్యిని బయటికి తిప్పాలి. పదిహేనేసి సార్లు, మూడు విడతలు. విసిరే కండరాలు రోజూ పెరుగుతాయి, చెయ్యిని ఆపే కండరాలు పెరగవు. ఆ తేడాతోనే భుజం పాడవుతుంది. మర్నాడు పొద్దున్న తల దువ్వుకునేటప్పుడు భుజం నొప్పి పెడితే ఆ రోజు షాట్లు లేవు, పాసింగ్ మాత్రమే. మూడు రోజులైనా తగ్గకపోతే డాక్టరు.

మోకాల్లో టప్పుమన్న శబ్దం వినిపించి, కొన్ని గంటల్లోనే వాస్తే నాటుకట్టు వద్దు, మర్దన వద్దు. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళి ఎంఆర్ఐ తీయించాలి. మా దగ్గర ఒక పిల్లాడు స్టేట్ సెలక్షన్లు రెండు వారాల్లో ఉన్నాయని వాపు దాచిపెట్టి, గుడ్డ బిగించి కట్టుకుని ఆడాడు. నేనూ వాడి నడక చూసి పట్టుకోలేకపోయాను. ఆ బాధ నాకిప్పటికీ ఉంది. లిగమెంటు ఆపరేషన్ అయినవాళ్ళు మళ్ళీ కోర్టులోకి రావడానికి కనీసం తొమ్మిది నెలలు ఆగాలి. ఆరు నెలలకే "బాగానే ఉంది సార్" అంటారు. ఒంటికాలి గెంతులో రెండు కాళ్ళూ ఒకే దూరం వస్తున్నాయేమో టేపుతో కొలవండి. తేడా ఉంటే ఇంకా సమయం కాలేదు.

వేలు బెణికితే ఎవరో ఒకరు వచ్చి లాగుతారు. లాగనివ్వకండి. ఐసు పెట్టి, పక్క వేలితో కలిపి టేపు చుట్టండి. వంకరగా కనిపిస్తే ఎక్స్‌రే.

మందుల గురించి ఒక హెచ్చరిక. బలం పెరగడానికని మెడికల్ షాపులో ఇచ్చే ఇంజెక్షను, జిమ్ములో ఇచ్చే పొడి, ఆఖరికి కొన్ని జలుబు మందులు కూడా డోపింగ్ పరీక్షలో పట్టించేస్తాయి. నిషేధం పడితే ఏళ్ళ తరబడి ఆట ఉండదు. "నాకు తెలియదు" అంటే ఒప్పుకోరు. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే నాడా, "నో యువర్ మెడిసిన్" అనే యాప్ పెట్టింది. మందు పేరు అందులో కొట్టి చూసుకున్నాకే మింగండి. కోడిగుడ్డు, చేపలపులుసు, పప్పు, రావులపాలెం అరటిపండు: పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు వీటిని మించిన పొడి ఏదీ లేదు.

7. సెలక్షన్లకు వెళ్ళేటప్పుడు

జిల్లాలు విడిపోయినా చాలాసార్లు సెలక్షన్లు ఉమ్మడి జిల్లా పేరుతోనే జరుగుతాయి. కోనసీమలో ఉన్నవాళ్ళు ఏ జిల్లా కింద ఆడాలో ముందే మీ పీఈటీ గారిని కనుక్కోండి. పుట్టినతేదీ ధ్రువపత్రం, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, ఆధార్ తీసుకెళ్ళాలి. మూడింటిలోనూ తేదీ ఒకటే ఉండాలి.

వయసు తగ్గించి ఆడిద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. ఇవాళ అండర్–14లో ఒక మెడల్ వస్తుంది. రేపు ఉద్యోగానికి పత్రాలన్నీ పక్కపక్కన పెట్టినప్పుడు మొత్తం పోతుంది. జట్టులో వేయిస్తానని డబ్బు అడిగినవాళ్ళ దగ్గర్నుంచి కూడా వెనక్కి రండి. డబ్బు తీసుకుని జట్టులో వేసే మనిషి ఇచ్చే కాగితం రేపు నిలబడుతుందని నమ్మకం లేదు.

ట్రయల్స్‌లో మన పిల్లలు చేసే పెద్ద తప్పు, బంతి దొరగ్గానే షాట్ కొట్టేయడం. సెలక్టరు చూసేది షాటొక్కటే కాదు. గోలు పోయాక ఎవరు ముందు వెనక్కి పరిగెత్తారు, ఎవరు డిఫెన్స్‌లో పక్కవాడితో మాట్లాడుతున్నారు, ఇవన్నీ చూస్తాడు. మాట్లాడండి. సిగ్గుపడకుండా గట్టిగా పేరు పెట్టి పిలిచి చెప్పండి.

ఆడపిల్లల అమ్మానాన్నలకు: జట్టుతో మహిళా మేనేజరు వస్తున్నారా, బస ఎక్కడ, తిరుగు టికెట్లు అయ్యాయా అని అడగడం మీ హక్కు. అడిగి, నమ్మకం కుదిరాక పంపండి. 2022లో మన జూనియర్ అమ్మాయిల జట్టు కజకిస్తాన్‌లోని అల్మాటీలో ఆసియా ఛాంపియన్ అయింది. ఆ అమ్మాయిలందరినీ కూడా ఎవరో ఒకరు మొదటిసారి రైలెక్కించే ఉంటారు.

8. కాగితాలు

ఆట మైదానంలో ఆడతాం, ఉద్యోగం ఫైల్లోంచి వస్తుంది. నా కథే చెబుతాను. ఒక ఉద్యోగానికి ట్రయల్స్ బాగా ఆడాను. పత్రాల పరిశీలనలో ఆపేశారు. పదో తరగతి మార్కుల లిస్టులో నా ఇంటిపేరు పూర్తిగా, పేరుకి ముందుంది. నేషనల్స్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరుకి బదులు ఒక్క పొడి అక్షరం, అదీ పేరు చివర. "ఈ ఇద్దరూ ఒకరేనని ఎలా నమ్మాలి?" అన్నారు. దిద్దించుకు వచ్చేసరికి గడువు దాటింది. రెండేళ్ళు పట్టింది మళ్ళీ అక్కడికి చేరడానికి.

అందుకని, పోటీకి పేర్లు రాసుకునే రోజునే మేనేజరు గారి దగ్గర నిలబడి, పదో తరగతి లిస్టులో ఎలా ఉందో అలాగే అక్షరం అక్షరం రాయించండి. పదో తరగతి ఇంకా కాకపోతే ఆధార్, బడి రిజిస్టరు, పుట్టినతేదీ పత్రం మూడూ ఒకేలా చేయించండి. ఇంటిపేరు ముందా వెనకా, పూర్తిగానా పొడి అక్షరమా? తెలుగువాళ్ళకి ఈ చిక్కు ఎక్కడికెళ్ళినా తప్పదు.

రెండోది. చేతికిచ్చే రంగుల సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటాకి నిర్ణీత ఫారాలు ఉన్నాయి.

• ఫారం 1: దేశం తరఫున అంతర్జాతీయ పోటీ ఆడితే. జాతీయ ఫెడరేషన్ కార్యదర్శి సంతకం.
• ఫారం 2: రాష్ట్రం తరఫున జాతీయ పోటీ ఆడితే. జాతీయ ఫెడరేషన్ లేదా రాష్ట్ర అసోసియేషన్ కార్యదర్శి సంతకం.
• ఫారం 3: అంతర్ విశ్వవిద్యాలయ పోటీ ఆడితే. యూనివర్సిటీలో క్రీడలు చూసే డీన్ లేదా అధికారి సంతకం. మన వైపు కాలేజీలు చాలావరకు ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కిందికో, జేఎన్‌టీయూ కాకినాడ కిందికో వస్తాయి.
• ఫారం 4: జాతీయ స్కూల్ గేమ్స్ ఆడితే. రాష్ట్ర విద్యాశాఖలో క్రీడలు చూసే డైరెక్టరు స్థాయి అధికారి సంతకం. మీ హెడ్మాస్టరు సంతకం చెల్లదు.

పోటీ అయిన నెలలోపే ఫారం నింపి సంతకం చేయించుకోండి. ఉద్యోగ ప్రకటన వచ్చాక చూద్దామనుకుంటే అధికారి మారిపోతారు, పాత రికార్డు దొరకదు.

మూడోది. ఆడిన కాగితం కన్నా మెడల్ కాగితం ముందు. ఎంపిక వరసలో అంతర్జాతీయం మొదట, తర్వాత సీనియర్, జూనియర్ నేషనల్స్‌లో మొదటి మూడు స్థానాలు, తర్వాత అంతర్ విశ్వవిద్యాలయంలో మొదటి మూడు, తర్వాత జాతీయ స్కూల్ గేమ్స్‌లో మొదటి మూడు. మెడల్ లేకుండా పాల్గొన్నవాళ్ళు అందరి తర్వాత. కాబట్టి కాలేజీలో చేరేటప్పుడు ఆ యూనివర్సిటీ జట్టు సౌత్ జోన్ దాటుతోందా లేదా అన్నది కూడా చూసుకోండి.

నాలుగోది. పోటీ నిర్వహించింది గుర్తింపు ఉన్న సంస్థేనా? కేంద్ర క్రీడల మంత్రిత్వ శాఖ గుర్తింపు ఉన్న జాతీయ ఫెడరేషన్ల జాబితా పెడుతుంది. డబ్బు కట్టే ముందు ఆ జాబితా చూడండి. "నేషనల్", "ఇండియా", "ఓపెన్" అని బ్యానరు మీద రాసి ఉన్నంత మాత్రాన గుర్తింపు ఉన్నట్టు కాదు. 2023 నుంచి ఫెడరేషన్ల సర్టిఫికెట్లు డిజిలాకర్‌లో ఇచ్చే ఏర్పాటు వచ్చింది. మీది అందులో కనిపిస్తుందో లేదో వెంటనే తెరిచి చూడండి.

దాచుకోవడం ఎలా? లామినేషన్ చేయించకండి. వెనక సంతకమో ముద్రో కావాలంటే వేయడానికి వీలుండదు. అసలుది ఎవరికీ ఇచ్చిరాకండి, చూపించి తెచ్చుకోండి. మన ఇళ్ళల్లో తేమ, చెదలు, తుఫాను నీళ్ళు, మూడూ ఉన్నాయి. ప్లాస్టిక్ ఫైల్లో పెట్టి అటక మీద ఉంచండి, రెండోవైపు స్కాన్ చేసి మీ మెయిల్‌కీ, ఇంకొకరి మెయిల్‌కీ పంపించి పెట్టండి.

9. ఉద్యోగం వైపు

రైల్వే బహిరంగ ఎంపికలో వంద మార్కులు: ఆట ట్రయల్‌కి 40, గుర్తింపు ఉన్న విజయాలకు 50, చదువుకి 10. ట్రయల్‌లో 25 రాకపోతే మిగతావి చూడరు. విజయాలు కూడా ఇటీవలివే కావాలి. జరుగుతున్న ఆర్థిక సంవత్సరం, దానికి ముందు రెండు. ఎప్పుడో పదో తరగతిలో గెలిచింది ఫైల్లో ఉంటే సరిపోదు. మెడల్ వచ్చిన ఏడే దరఖాస్తులు మొదలుపెట్టాలి. ఏ ఏడు ఏ జోన్‌లో హ్యాండ్‌బాల్‌కి ఖాళీ వస్తుందో, ఏ స్థానానికి వస్తుందో మారుతూ ఉంటుంది, ప్రతి ప్రకటననూ మొదటినుంచి చివరిదాకా చదవండి.

కేంద్ర పోలీసు బలగాలకూ, సైన్యానికీ జట్లున్నాయి. అక్కడ ఎత్తు, ఛాతీ, చూపు కొలతలు వేరుగా ఉంటాయి. ముందే కొలిపించుకోండి.

రాష్ట్రంలో 2024 క్రీడా విధానంతో ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగింది. 2025 మెగా డీఎస్సీలో 421 పోస్టులు ఈ కోటా కింద పెట్టారు. అయితే టీచరు పోస్టుకి దానికి కావలసిన చదువు ఉండి తీరాలి. ఆటలో పడి డిగ్రీ వదిలేసినవాళ్ళు అక్కడే ఆగిపోయారు.

10. లీగు, విదేశం

2023 జూన్‌లో జైపూర్‌లో ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగ్ మొదటి సీజన్ జరిగింది. ఆరు జట్లు, అందులో తెలుగు టాలన్స్ ఒకటి. మహారాష్ట్ర ఐరన్‌మెన్ గెలిచింది. పిలుపు వస్తే తప్పకుండా వెళ్ళండి. టీవీలో కనిపించడం, విదేశీ ఆటగాళ్ళ పక్కన ఆడటం చిన్న విషయం కాదు. దాన్ని నెల జీతంగా మాత్రం లెక్క వేసుకోకండి. ఉద్యోగంలో ఉంటే ముందు శాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

"యూరప్ క్లబ్బులో ఆడిస్తాం, వీసాకి ఇంత కట్టండి" అని ఫోను వస్తే ఇలా పరీక్షించండి. ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్బుకి మారాలంటే అంతర్జాతీయ బదిలీ పత్రం కావాలి. అది జాతీయ ఫెడరేషన్ల ద్వారానే నడుస్తుంది. ఆ పత్రం మాట ఎత్తగానే అవతలివాళ్ళు నీళ్ళు నమిలితే ఫోను పెట్టేయండి.

11. చదువు ఎప్పుడు, ఏది

డిగ్రీ మూడో ఏడు నడుస్తుండగానే ఏపీ పీఈసెట్‌కి, అంటే వ్యాయామ విద్య కోర్సుల ప్రవేశ పరీక్షకి సిద్ధం కండి. వ్యాయామ విద్య డిగ్రీ బీపీఈడీ రెండేళ్ళు. అది చేతిలో ఉంటే పీఈటీ దారి తెరిచి ఉంటుంది. కోచింగ్ మీద ఇష్టముంటే పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా ఉంది, దానికి కూడా మీ నేషనల్స్ కాగితాలే అడుగుతారు. రిఫరీ పరీక్ష ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళకే రాయొచ్చు. ఆటాడుతూ రిఫరీయింగ్ నేర్చుకున్నవాడికి రెండు నిమిషాల శిక్షలు వాటంతటవే తగ్గిపోతాయి.

ఈ ఆదివారం చేయాల్సిన పని ఒకటి చెప్పి ఆపుతాను. అటక మీది పెట్టె దించండి. పదో తరగతి లిస్టు, ఆధార్, పుట్టినతేదీ పత్రం, ఇప్పటిదాకా వచ్చిన సర్టిఫికెట్లు నేల మీద వరసగా పరవండి. అమ్మో నాన్నో ఒకరు ఒక కాగితంలోని పేరు అక్షరం అక్షరం చదవాలి, పిల్లాడు రెండోదానిలో వేలు పెట్టి చూసుకోవాలి. తేడా దొరికితే సోమవారం పొద్దున్నే బడికి వెళ్ళండి.